వెంకన్నకి బాకీ ఉన్న జుట్టు

మా మేనత్త అన్న మాట ఒకటి నాలుగేళ్ళుగా నాతో ఉండిపోయింది:

“వెంకన్నకి బాకీ ఉన్న జుట్టు దారిలో కీమో కొట్టేసింది, ఆ లెక్క వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు, నువ్వు కాఫీ తాగు.”

ముందు సందర్భం చెప్పాలి. అత్తకి ఎడమ రొమ్ములో గడ్డ. ముక్క తీసి పరీక్షకి పంపారు, పేరు తేలింది. వైద్యం హైదరాబాదులో, మకాం నా అద్దెయింట్లో. మొదటి కీమో ఎక్కించాక పదిహేడో రోజున ఊరి నుంచి తోటికోడలు చూడ్డానికొచ్చింది. గుమ్మం బయట చెప్పులు విప్పి, మేం చెప్పినట్టే చేతులు కడుక్కుని, లోపలికి ఒక్క అడుగు వేసి తలెత్తింది. మంచం మీద అత్త గుండుతో కూర్చుని చేటలో కందిపప్పు బాగుచేస్తోంది. తోటికోడలు గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చుండిపోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. చేటలోంచి కళ్ళెత్తకుండా అత్త అన్న మాట అది.

కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ వైపు కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మొదలుపెట్టాడు. అత్త వాక్యానికి అలాగే మాటమాటకీ వ్యాఖ్య రాయబోతే, అందులో మొదటి సగమే నా వల్ల అవుతుంది.

వెంకన్నకి:

శ్రీ వేంకటేశ్వరస్వామివారికి అనలేదు. దేవుడికి అని కూడా అనలేదు. వెంకన్న. వీధి చివర కిరాణా కొట్టాయన పేరు కూడా అదే కావచ్చు, ఆయన్నీ ఇదే గొంతుతో పిలవచ్చు. బడి వ్యాకరణంలో ‘కి’ షష్ఠీ విభక్తి. అత్త వ్యాకరణంలో అది అరువు పుస్తకంలో పేరు పక్కన రాసుకునే అంకె.

దేవుడితో ఈ ధోరణి అత్త కొత్తగా కనిపెట్టింది కాదు. గోలకొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న రాముణ్ణి వేడుకుని ఊరుకోలేదు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంతయిందో ఏకరువు పెట్టి నిలదీశాడు. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో కొలువున్న ఆంధ్రనాయకుణ్ణి కాసుల పురుషోత్తమకవి శతకం పొడుగునా ఎత్తిపొడిచాడు. దీన్ని నిందాస్తుతి అంటారు. పైకి తిట్టు, లోపల పొగడ్త అని పాఠ్యపుస్తకాలు అర్థం చెబుతాయి. నాకది చాలదు. అందులో తిట్టు నిజంగా తిట్టే. కాకపోతే ఎదురుగా ఒకడున్నాడని నమ్మినవాడే అలా తిట్టగలడు. ఖాళీ కుర్చీతో ఎవరూ పోట్లాడరు కదా. అత్త భక్తి గురించి నాకు తెలిసింది ఇంతే. నయమవుతుందని ఆవిడకి ఏ దేవుడూ హామీ ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు. పోట్లాడ్డానికి మాత్రం ఒకడున్నాడు.

అలాగని వైద్యాన్ని ఆయన నెత్తిన వేసి కూర్చోలేదు. ఊళ్ళో ఒకాయన ఫలానా చోట పసరు పోస్తారనీ, కత్తి పెట్టించుకుంటే జబ్బు ఒళ్ళంతా పాకుతుందనీ చెప్పడానికొచ్చాడు. అత్త అంతా విని, “కొండ మీద ఆయనే అశ్విని ఆస్పత్రి పెట్టించుకున్నాడు, కొండ కింద స్విమ్స్ పెట్టించుకున్నాడు. ఆయనకి లేని పసరు నాకెందుకన్నయ్యా?” అంది. వచ్చినాయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. గడ్డ చేతికి తగిలాక ఇలాంటి పసర్లతో నెలలు గడిపి, ఇంక చేసేదేం లేదన్న దశలో ఆస్పత్రికి వచ్చిన ఆడవాళ్ళని ఆ తర్వాత వార్డులో చూశాను. ఆ మజ్జిగ గ్లాసు గుర్తొచ్చేది.

బాకీ ఉన్న:

కొడుక్కి ఆరేళ్ళప్పుడు కామెర్లు ముదిరాయి. ఆస్పత్రి వరండాలో కూర్చుని, వీడు లేచి తిరిగితే తలనీలాలిస్తానని అత్త మొక్కుకుంది. వాడు లేచాడు, తిరిగాడు, ఇప్పుడు బెంగుళూరులో తిరుగుతున్నాడు. మొక్కు మాత్రం వరండాలోనే ఉండిపోయింది. ఒక ఏడు ఇంట్లో పురుడు, ఒక ఏడు మైల, ఒక ఏడు మిరపకి తెగులు, ఆ తర్వాత మోకాళ్ళు. అసలు సంగతి ఒకసారి తనే చెప్పింది. “మనసొప్పలేదురా. మొక్కినప్పుడు పిల్లాడు కనపడ్డాడు. వాడు లేచాక జడ కనపడింది.” నడుం దాటి కిందికి దిగే జడ అది.

జబ్బు పేరు తెలిసిన రోజున ఇంట్లో ఇద్దరు ముగ్గురి చూపులు ఆ పాత మొక్కు వైపు తిరిగాయి. తీర్చని మొక్కు ఊరికే పోతుందా అన్న మాట, ఎవరి నోరూ దాటలేదు గాని, గదుల్లో తిరిగింది. జబ్బుపడ్డ మనిషికి జబ్బు చాలదన్నట్టు దానికో తప్పు కూడా వెతికిపెట్టడం మనకి అలవాటు. అందుకే ఈ వాక్యంలో ‘బాకీ’ అన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. అత్త అపరాధం అనలేదు, పాపం అనలేదు. పాపానికి శిక్ష ఉంటుంది, బాకీకి గడువుంటుంది. బాకీ ఉన్నవాడు నేరస్తుడేం కాదు. షావుకారు ఎదురైతే పలకరించి, వచ్చే పంటకి చూద్దామని చెప్పి, తలెత్తుకునే పోతాడు.

జుట్టు:

కీమో మందుకి మొహమాటం లేదు. గబగబా చీలి పెరిగే కణం ఎక్కడ కనపడితే అక్కడ కొడుతుంది. గడ్డలో కణాలు అలాంటివే. వెంట్రుకల కుదుళ్ళు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల్లోని మూలుగ కూడా అలాంటివే. అందుకే జుట్టు రాలడం, నోరు పూయడం, విరేచనాలు, కౌంట్లు పడిపోవడం ఒకే ఇంటి చుట్టాల్లా ఒకరి వెనక ఒకరు దిగుతాయి. జుట్టు సాధారణంగా రెండు మూడు వారాల్లో రాలడం మొదలవుతుంది. అత్తకి పదిహేనో రోజున దిండు మీద కనపడింది. మర్నాడు పొద్దున దువ్వెన పెడితే దువ్వెనతో పాటే వచ్చేసింది, కుప్పనూర్చిన చేలో గడ్డి లేచినట్టు, నొప్పి కూడా లేకుండా.

“నీ గడ్డం మిషను పట్రా” అంది.

బాల్కనీలో పాత పేపర్లు పరిచాం. అత్త పీట మీద కూర్చుంది. ముందు జడని కత్తెరతో కోశాను. దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది, కూరగాయలు చూసినట్టు. తర్వాత మిషను పెట్టాను. చెవి వెనక వెంట్రుకలు పోగానే ఒక పాత మచ్చ బయటపడింది, చింతగింజంత. తడిమి చూసుకుని, “జామచెట్టు” అంది. ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటి చెట్టెక్కి పడిందట. ఆ మచ్చ అక్కడుందని యాభై ఏళ్ళ పైన ఆవిడకే గుర్తులేదు. పని సగంలో ఉండగా మామయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయనది ముప్ఫయ్యో ఏటి నుంచీ బట్టతల. అత్త ఆయన్ని ఒకసారి పైకీ కిందికీ చూసి, “ఇన్నాళ్ళకి ఈడూ జోడూ కుదిరింది” అంది. ఆయన నవ్వబోయి లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి పంపు తిప్పిన చప్పుడు వినపడింది, చాలాసేపు.

ఇక తోటికోడలు ఎందుకలా కూలబడిందో చెప్పాలి. మన దగ్గర ఆడదాని గుండుకి చాలాకాలం రెండే అర్థాలుండేవి. ఒకటి తిరపతి. రెండోది భర్త పోయిన ఆడవాళ్ళకి కొన్ని కుటుంబాల్లో బలవంతంగా చేయించిన గుండు, మూల గది, తెల్ల చీర, ఒంటిపూట తిండి. రెండోది ఇప్పుడు లేదు. దాని జ్ఞాపకం మాత్రం పాతతరం ఆడవాళ్ళ కళ్ళలోంచి పోలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషికి ఒక్క క్షణం కనపడింది జబ్బు కాదు, ఆ రెండో అర్థం. మామయ్య పక్క గదిలో దగ్గుతుండగానే ఈ అపశకునం ఏమిటన్న భయం. అత్త ఒక్క ‘వెంకన్నకి’తో ఆ తలని మూలగదిలోంచి లాగి కల్యాణకట్టలో కూర్చోబెట్టింది. దీన్ని ధైర్యం అని నేననను. అర్థం మార్చడం తెలిసిన మనిషి చేసిన పని అంటాను.

వీధిలో కూడా ఆ అర్థమే పనికొచ్చింది. మన ఊళ్ళలో గుండు కనపడితే ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే. లిఫ్టులో మూడో అంతస్తు ఆవిడ నవ్వుతూ, “తిరపతి వెళ్ళొచ్చారా పిన్నిగారూ, లడ్డూ ఏదీ?” అంది. నా గుండె ఆగినంత పనైంది. అత్త తాపీగా, “ఇంకా క్యూలోనే ఉన్నానమ్మా, దర్శనం కాలేదు” అంది. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమై రెండంతస్తుల పాటు ఎటు చూడాలో తెలియలేదు.

కొంగు ఎలా కప్పుకోవాలన్న చర్చ ఒకరోజు నడిచింది. విగ్గు చూద్దామని అత్త కోడలు ఫోనులో బొమ్మలు పంపింది. అత్త చూసి చూసి తేల్చింది: “జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది. లేనమ్మకి గాలాడుతుంది.”

దారిలో:

తిరపతి ప్రయాణాల్లో మొక్కు డబ్బు దారిలో పోవడం పాత కథే. మూటలో కట్టుకున్నది బస్టాండులో పోతుంది, రైల్లో పోతుంది. పోగొట్టుకున్నవాడు కొండెక్కి స్వామికి చెప్పుకుంటాడు. అత్త తనని ఆ వరసలో నిలబెట్టుకుంది. బయల్దేరాను, దారిలో పోయింది. ముప్ఫయ్యేళ్ళు బయల్దేరనే లేదన్న సంగతి ఇక్కడ చక్కగా దాటవేసింది. మూలకర్త చేతివాటం కూడా చెప్పడం వ్యాఖ్యాత ధర్మం.

కీమో:

కీమోథెరపీ అని పూర్తిగా పలికే రోగిని నేను చూడలేదు. కీమో, లేదా ‘మందు ఎక్కించుకోవడం’. రేడియేషన్ అయితే ‘కరెంటు పెట్టించుకోవడం’. మొదటి రోజు డాక్టరుగారు ఎనిమిది సైకిళ్ళు అన్నారు, మూడు వారాలకొకటి. అత్త ఆయన్ని జాలిగా చూసింది. “చిన్నప్పుడు ఒక్క సైకిలు కావాలని ఏడిస్తే మా నాన్న కొనిపెట్టలేదు. మీరు ఎనిమిదంటున్నారు.” డాక్టరుగారు పెన్ను కింద పెట్టి నవ్వారు. అప్పటిదాకా ఫైలు వంక చూస్తూ మాట్లాడిన మనిషి, ఆ తర్వాత అత్త మొహం చూసి మాట్లాడ్డం మొదలుపెట్టారు. ఆ గదిలో హాస్యం వల్ల జరిగిన మేలేదంటే నేను చూపించగలిగేది అదొక్కటే. అది చిన్నదేం కాదు.

ఆవిడకి పెట్టిన రెండు మందుల్లో ఒకటి ఎర్రది, డాక్సోరూబిసిన్. నర్సు చేతికి తొడుగులేసుకుని పెద్ద సిరంజిలోంచి నెమ్మదిగా తోస్తుంది. తోపుడుబండి మీద అమ్మే షర్బత్తు రంగు. దాన్ని ఇటలీ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి తీశారు. పక్కనున్న ఏడ్రియాటిక్ సముద్రం పేరు కలిపి ఏడ్రియామైసిన్ అని పిలిచారు. ఆ రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెబుతారు, అయినా ప్రతివాళ్ళూ ఒకసారి కేకపెడతారు. రెండోది సైక్లోఫాస్ఫమైడ్. దీని వంశం వెతికితే మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలిన మస్టర్డ్ గ్యాస్ దగ్గర తేలుతుంది. ఆ విషం తగిలినవాళ్ళ రక్తంలో తెల్లకణాలు తుడిచిపెట్టుకుపోవడం చూసి, అదుపు తప్పి పెరిగే కణాల మీద దీన్నే వాడితే ఏమవుతుందని ఆలోచించారు. పేరులో ఆవ ఉందిగానీ అందులో ఆవాలేం లేవు, వాసనని బట్టి వచ్చిన పేరు. ఇది చెబితే అత్త, “ఆవ పెట్టిన పనసపొట్టు అయితే నేనే గిన్నె పట్టేదాన్ని కదరా” అంది. ఎక్కిస్తున్నంతసేపూ స్టాండుని నెట్టుకుంటూ బాత్రూముకి వెళ్ళిరావడం ఒక తంతు. దానికి నా గంగిరెద్దు అని పేరు పెట్టుకుంది.

కీమో అనగానే మనకి పరాయిదిలా వినిపిస్తుంది. అందులో ఒక భీమవరం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ 1895లో పుట్టాడు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. సన్యాసుల్లో కలుద్దామనుకున్నవాడు వైద్యం వైపు మళ్ళి, అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం తయారుచేసిన బృందాన్ని నడిపాడు. స్ప్రూకి అదే మందు. అన్నదమ్ములకి అందాల్సిన మందు అని రాయాలని చెయ్యి లాగుతుంది, కాని కథ అక్కడ ఆగలేదు. రక్త క్యాన్సర్ పిల్లలకి ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా విజృంభిస్తోందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గమనించాడు. అలాగైతే దానికి ఎదురు తిరిగే మందు కావాలి. సుబ్బారావు బృందం అదీ చేసి పంపింది, పేరు అమినోప్టెరిన్. పదహారు మంది పిల్లలకి ఇస్తే పదిమందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. అదే కోవలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. జబ్బుకి అన్నమేదో కనిపెట్టి, ఆ అన్నంలాగే కనపడే రాయి వండి పెట్టడం ఆ మందు పద్ధతి. డే కేర్ హాల్లో అత్త పక్క కుర్చీలో కూర్చుని ఇదంతా చెప్పాను. అత్త విని అడిగింది: “భీమవరంలో ఎవరబ్బాయి?”

పిల్లల వార్డులో వేరే మందు, విన్‌క్రిస్టిన్. దాన్ని తీసేది బిళ్ళగన్నేరు నుంచి. మన పెరట్లో ఎవరూ నీళ్ళు పొయ్యకపోయినా పెరిగే మొక్క, పొద్దున్నే కోసి దేవుడి పటం ముందు పెట్టే పువ్వు. ఈ సంగతి మాత్రం అత్తకి కొండంత ఆనందమిచ్చింది. ఆస్పత్రికీ పూజగదికీ మధ్య గోడలో కిటికీ ఉందని ముందే తెలిసిన మనిషిలా తలాడించింది.

కొట్టేసింది:

కాజేసింది, తీసుకుంది అనకుండా ‘కొట్టేసింది’. జేబుదొంగల మాట. పోయింది జుట్టు ఒక్కటే కాదు. వారం తిరక్కుండా కనుబొమలు, ఆ వెనక రెప్పవెంట్రుకలు, నాలుక మీద రుచి. తిరుమలలో నిలువుదోపిడీ అని ఒక మొక్కుంది, ఒంటి మీదున్న నగలన్నీ అక్కడే వలిచి హుండీలో వెయ్యాలి. కనుబొమలు పోయిన రోజు అద్దంలో చూసుకుని అత్త ఆ మాటే అంది: “తలనీలాలు మొక్కితే నిలువుదోపిడీ పట్టుకెళ్ళాడు.”

వాక్యంలో ఇంకా లేనిది ఒకటుంది. సంస్కృత వ్యాఖ్యాతలు దీన్ని అధ్యాహారం అంటారు, మూలంలో లేని పదాన్ని అర్థం కోసం తెచ్చిపెట్టుకోవడం. ఈ వాక్యంలో జబ్బు పేరు లేదు. మా ఇంట్లో ఎవరి వాక్యంలోనూ లేదు. ‘గడ్డ’, ‘ఆ జబ్బు’, ‘అదే’, ఊరివాళ్ళతో ఫోనులో అయితే ‘కొంచెం నలతగా ఉంది’. పాత తెలుగులో రాచపుండు అనేవాళ్ళు, ఆ మాటలో కనీసం దానికో హోదా ఉంది. అత్త కూడా పేరు పలకలేదు, కాని అందరిలా భయపడి దాచినట్టు అనిపించదు. కీమో దొంగ, వెంకన్న షావుకారు, తను బాకీదారు. ఈ కథలో క్యాన్సర్‌కి వేషం ఇవ్వలేదు, అంతే.

ఆ లెక్క:

వెంకన్నకి ఇంకో పేరు వడ్డీకాసులవాడు. పెళ్ళికని కుబేరుడి దగ్గర అప్పు చేశాడని పురాణం. కలియుగం అయ్యేదాకా వడ్డీ కడుతూనే ఉంటాడు, అసలు ఆ తర్వాత తీరుస్తాడు. తను అప్పులో ఉన్నవాడు కాబట్టే మొక్కు ఎగ్గొట్టినవాళ్ళ దగ్గర వడ్డీతో సహా వసూలు చేస్తాడని మనవాళ్ళ నమ్మకం. ప్రపంచంలో ఎందరో దేవుళ్ళు శపిస్తారు, క్షమిస్తారు. చక్రవడ్డీ తెలిసిన దేవుడు మనకే ఉన్నాడు.

వైద్యం అంతా అయ్యాక జుట్టు మొలిచింది, ఉంగరాలు తిరిగి. కీమో తర్వాత చాలామందికి అలా వస్తుంది. జన్మలో లేని ఉంగరాల జుట్టు. బాకీ తీర్చే సమయం వచ్చిందని మామయ్య టిక్కెట్లు తీశాడు. కల్యాణకట్టలో అత్త వంతు వచ్చింది. కూర్చుంది, తల తడిపించుకుంది, చివరి నిమిషంలో “మూడు కత్తెర్లు” అంది. ఆడవాళ్ళు గుండుకి బదులు మూడు కత్తిరింపులతో సరిపెట్టుకునే పద్ధతి అక్కడ ఉంది. కిందికొచ్చాక మామయ్య మొహం చూసి, “వడ్డీ కట్టొచ్చాను. ఆయన కుబేరుడికి కట్టేదీ వడ్డీయేగా” అంది.

ఇంటికి సంబంధించిన లెక్క వేరే ఉంది. మామయ్య నీలం అట్ట నోటుపుస్తకంలో రాసేవాడు. స్కాన్ ఇంత, మందులింత, ఆటో ఇంత, కొబ్బరిబోండాం ఇంత. నాలుగో సైకిలు దగ్గర అర ఎకరం అమ్మిన అంకె పై వరసలో జమ కింద పడింది. ఆ పుస్తకం గురించి అత్త ఎప్పుడూ హాస్యమాడలేదు.

వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు:

వ్యాకరణం తెలిసినవాళ్ళు ఇక్కడ అత్త చేసిన చిత్రం చూడాలి. ‘కొట్టేసింది’ అన్నప్పుడు కీమో ఒక వస్తువు. ఆడదైనా కావచ్చు, తెలుగు క్రియలో ఆ తేడా తెలియదు. అదే కీమో నాలుగు మాటలు దాటేసరికి ‘వాళ్ళు’ అయిపోయింది, మనిషయింది, వెంకన్నకి సరిజోడుగా పంచాయితీలో కూర్చుంది. తగువు వాళ్ళిద్దరి మధ్య. అత్త లేచి బయటికొచ్చేసింది.

ఈ బయటికి రావడమే నాకు ఈ వాక్యంలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడ చేతిలో ఒక పని పెట్టి వెళ్ళేవాళ్ళు. ధైర్యంగా ఉండు. మనసు గట్టిచేసుకో, జబ్బు దానంతటదే పారిపోతుంది. నవ్వుతూ ఉండు, సగం రోగం నవ్వుకే పోతుంది. మంచిమాటలే. వాటి వెనక మాట ఏమిటంటే, తగ్గకపోతే నీ మనసు గట్టిది కాదన్నమాట. 2007లో అమెరికాలో తల, మెడ క్యాన్సర్లున్న వెయ్యిమందికి పైగా రోగుల లెక్కలు తీసి చూశారు. మనసు ఎంత నిబ్బరంగా ఉందన్నదానికీ ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం కనపడలేదు. ఇది నిరుత్సాహపరిచే సంగతని కొందరంటారు. నాకు ఊరటగా తోచింది. ఏడిచినందువల్ల ఎవరూ చావరన్నమాట. నవ్వు ఆ పూట గడవడానికి. గడ్డ సంగతి మందు చూసుకోవాలి.

అత్త ఎప్పుడూ నవ్వుతూ ఉందని రాస్తే అబద్ధం. మూడో సైకిలు తర్వాత రెండో రాత్రి, రెండింటప్పుడు, నేను గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాను. కక్కడానికి లోపల ఏమీ మిగల్లేదు, అయినా ఒళ్ళు ఎగదన్నుతోంది. “ఇంక వద్దురా. చెప్పేయ్ రేపు. నావల్ల కాదు” అంది. వెంకన్న పేరు రాలేదు. ఏ చమత్కారమూ రాలేదు. నాకు తోచిన జోకు ఒకటి నోటి దాకా వచ్చింది, మింగేశాను. తడిగుడ్డతో మొహం తుడిచాను. తెల్లవారాక ఆ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇరవై రెండో రోజున చీర మార్చుకుని ఆటో పిలవమంది.

నువ్వు:

రోగం మీద జోకు వేసే హక్కు రోగిదే. ఇది ఎక్కడా రాసిలేదు, వార్డులో అందరికీ తెలుసు. ఒకసారి మా బావ ఉత్సాహపడి గుండు మీద ఏదో అన్నాడు. అత్త అంతకుముందు తనే అన్న మాటే అది, దాదాపు పొల్లుపోకుండా. గది చల్లబడిపోయింది. అత్త పక్కకి తిరిగి పడుకుంది. నవ్వించాలని వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే, ముందు ఆవిణ్ణి వెయ్యనివ్వండి, మీరు నవ్వండి.

ఇక్కడ ‘నువ్వు’ అంటే గోడవార కూలబడ్డ తోటికోడలు. ఓదార్చడానికని ఆరు గంటలు బస్సులో వచ్చిన మనిషిని ఓదార్చాల్సి రావడం రోగులకి రోజూ ఉండే పని. ఒక్కో ఆదివారం అత్త ఆరేడుగురిని ఊరుకోబెట్టి అలిసిపోయేది.

కాఫీ తాగు:

అత్త కాఫీ మనిషి. డికాక్షన్ దిగే వాసనకే లేచి కూర్చునేది. కీమో మొదలయ్యాక అదే వాసనకి కడుపులో తిప్పేది. తిరగమోత వేస్తే వంటింటి తలుపు మూసేవాళ్ళం. ఏది నోట్లో పెట్టినా ఇనపరేకు నాకినట్టుందనేది. రెండు వారాలుగా ఇంట్లో కాఫీ కాయడం మానేశాం, నేను వీధి చివర హోటల్లో తాగి నోరు కడుక్కుని వచ్చేవాణ్ణి. అలాంటి ఇంట్లో ఆవిడ “కాఫీ తాగు” అంది. ‘తాగు’ అన్నది ఇక్కడ వచ్చినవాళ్ళకి చెప్పే మర్యాద మాట మాత్రమే కాదు. ఇది ఇంకా నా ఇల్లు, వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చేది ఇంకా నేనే అని అర్థం. ఇల్లు నిజానికి నాది, అద్దె కట్టేది నేను. ఆ సంగతి ఎత్తే సాహసం నాకు లేదు.

నేను లోపలికి వెళ్ళి, తలుపు మూసి, కాచి, గ్లాసు తెచ్చిచ్చాను. తోటికోడలు లేచి మంచం పక్క కుర్చీలో కూర్చుంది, ముక్కు చీదుకుని గ్లాసు అందుకుంది. పొగ తన వైపు రాకుండా అత్త మొహం కొంచెం పక్కకి తిప్పుకుంది, చేట ఒళ్ళోంచి దించకుండానే.

“పంచదార సరిపోయిందా? నాకు నోరు తెలీటంలేదు, వీడికి చెప్పలేకపోతున్నా.”

తోటికోడలు ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

“సరిపోయిందక్కా. బాగుంది.”

వంటింట్లోకి తిరిగి వెళ్ళాక చూస్తే, పంచదార డబ్బా మూత తియ్యనే లేదు.